దండు పక్కన పట్నం: కట్టింది మనం, పట్టా ఎవరిది?



గుడుపల్లె స్టేషన్లో బెంగుళూరు బండి ఎక్కేవాళ్ళను ఒక్కరోజు నిలబడి చూడండి. గార పనికి పోయేవాళ్ళు, కాంక్రీటు మోసేవాళ్ళు, ఇళ్ళల్లో గిన్నెలు తోమను పోయే ఆడవాళ్ళు, పదో తరగతి తప్పి పనికి బయలుదేరిన పిల్లోళ్ళు. వాళ్ళల్లో ఎంతమంది మాలపల్లె వాళ్ళు, ఎంతమంది అరుంధతీవాడ వాళ్ళు అని అడగండి. జవాబు మీకు ముందే తెలుసు.

పొట్ట కూటికి పోతున్నాం అంటాం. నిజమే. కానీ ఈ దోవ మనం కొత్తగా కనిపెట్టింది కాదు. మన తాతలు, ముత్తాతలు పోయిన దోవే. ఆ పట్నం ఎట్లా పుట్టింది, అందులో మనవాళ్ళు ఏం చేసినారు, వాళ్ళకు ఏం దక్కింది, ఏం దక్కకుండా పోయింది? ఈ లెక్క తెలియకుండా ఇంకో తరాన్ని బండెక్కించడం మంచిది కాదు. అందుకే ఈ పక్షం ఈ మాట రాయవలసి వచ్చింది.

బెంగుళూరులో మనం సిటీ స్టేషన్ అని పిలిచేది ఒకటి, కంటోన్మెంటు స్టేషన్ ఒకటి. కంటోన్మెంటును కన్నడం వాళ్ళు 'దండు' అంటారు. మనకూ ఆ మాట తెలుసు. దండు అంటే సైన్యం. పాత బెంగుళూరు పేట వేరు, దండు పక్కన లేచిన పట్నం వేరు. పేట కెంపేగౌడ నాటిది. దండు ఇంగ్లీషు కుంఫిణీ నాటిది.

1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తానును చంపినాక కుంఫిణీ వాళ్ళు మైసూరు గద్దె మీద ఒడయార్లను కూర్చోబెట్టినారు. ఊరికే కూర్చోబెట్టలేదు. మీ రాజ్యాన్ని మా సైన్యం కాపాడుతుంది, దాని ఖర్చు మీరు కట్టాలి అని ఒడంబడిక రాయించుకున్నారు. ఏటికి 7 లక్షల వరహాలు. ఆ వరహాలు రాజు ఇంట్లో కాసినవి కావు. రైతు కట్టిన శిస్తు, రైతు చేలో వెట్టి చేసిన మాల మాదిగల చెమట. ఆ సైన్యం మొదట శ్రీరంగపట్నంలోనే ఉండేది. అక్కడ జ్వరాలతో సోల్జర్లు చచ్చిపోతుంటే 1809లో దండును బెంగుళూరు పక్కకు, హలసూరు చెరువు వైపు మార్చినారు. దండు పట్నం పుట్టుక అదీ.

ఈనాటికీ ఆ వీధుల పేర్లు చదవండి. ఇన్‌ఫెంట్రీ రోడ్డు అంటే కాల్బలం ఉన్న చోటు. బ్రిగేడ్ రోడ్డు, ఆర్టిలరీ రోడ్డు. ఇప్పుడు కామరాజ్ రోడ్డు అంటున్నది ఆనాటి కావల్రీ రోడ్డు, గుర్రపు దండు రోడ్డు. మహాత్మాగాంధీ రోడ్డు ఆనాడు సౌత్ పరేడ్. కవాతు చేసిన సిపాయి బతుకు వీధి పేర్లలో మిగిలింది. ఆ సిపాయి బూటు కుట్టినవాడి పేరు ఏ వీధికీ లేదు. గుర్రానికి గడ్డి కోసినామె పేరు ఏ సందుకూ లేదు.

దండు ఉంటే చాలదు కదా. దండుకు వంట కావాలి. నీళ్ళు తోలేవాళ్ళు కావాలి. గుర్రాలకు సైసులు, జీనులకు తోలుపని వాళ్ళు, బట్టలకు చాకళ్ళు, బంగళాకు బట్లరు, పిల్లలకు ఆయా. దొడ్లు ఎత్తేవాళ్ళు కావాలి. దొర బల్ల మీద పశువు మాంసం ఉంటుంది. దాన్ని ముట్టి వండేది ఎవరు? అగ్రకులం వాడు ముట్టడు. ముట్టేవాళ్ళు ఎవరో వాళ్ళను వెతికి పిలిచినారు. ఊళ్ళో ఏ పని చేస్తామని మనల్ని అంటరానివాళ్ళని తరిమినారో, దండులో అదే పనికి జీతం ఇచ్చినారు. పరయలు, మాలలు, మాదిగలు, చాకళ్ళు, ముస్లిం పేదలు తమిళ దేశం నుంచీ తెలుగు దేశం నుంచీ వచ్చి బ్లాక్‌పల్లి, హలసూరు బజారుల చుట్టూ గుడిసెలు వేసుకున్నారు. ఆ బ్లాక్‌పల్లే ఈనాటి శివాజీనగర్.

మన ప్రాంతం అప్పుడు ఉత్తర ఆర్కాడు జిల్లాలో, కంగుంది జమీను కింద ఉండేది. పైన జమీందారు, కింద గ్రామ పెద్దలు, వాళ్ళందరి కింద వెట్టివాడు. పారిపోవాలన్నా దోవ లేదు. 1864లో జోలార్‌పేట నుంచి బెంగుళూరుకు రైలు వేసినారు. ఆ రైలు పాత పేటకు పోలేదు. దండు దాకానే పోయి ఆగింది! సైన్యాన్నీ, సామాన్లనూ మద్రాసు నుంచి తోలేదానికి వేసిన బాట అది. ఆ బాట మన కుప్పం మీదుగా పోయింది. దండు కోసం వేసిన పట్టాలు మన వెట్టివాడికి తప్పించుకునే దోవ అయినాయి. ఇది ఇంగ్లీషు వాళ్ళ దయ కాదు. వాళ్ళు తెరిచిన తలుపు వాళ్ళ కోసం. మనం దూరినాం, అంతే.

ఆ తర్వాత 1876 నుంచి 1878 దాకా ధాత కరువు. మద్రాసు రాజధానిలో, మైసూరులో లక్షలాది మంది ఆకలికి చచ్చినారు. ముందు చచ్చింది ఎవరు? గాదె లేనివాడు, గింజ లేనివాడు, ఊరి బావిలో చేద వేసే హక్కు లేనివాడు. బతికి బయటపడినవాళ్ళు పట్నాల బాట పట్టినారు. 1901 జనాభా లెక్కలు చూస్తే దండు పట్నంలో దాదాపు 90 వేల మంది. పాత నగరంలో 70 వేల కన్నా తక్కువ. అంటే సైన్యం పక్కన లేచిన కొత్త పట్నం అసలు పట్నాన్నే మించిపోయింది. 1881లో మైసూరును రాజుకు తిరిగి ఇచ్చినప్పుడు కూడా ఇంగ్లీషు వాళ్ళు ఈ దండు పట్నాన్ని తమ చేతిలోనే ఉంచుకున్నారు. 1947 జూలైలో గానీ వదల్లేదు. రెండు పట్నాలూ ఒకే కార్పొరేషన్ అయింది 1949లో.

ఇంతకీ దండు మనకు మేలు చేసిందా, కీడు చేసిందా? ఈ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కుదరదు. నిక్కచ్చిగా చూడాలి.

జీతం వచ్చింది. నిజం. నెలకు ఇన్ని రూపాయలని చేతిలో పడింది. గంజి కోసం రెడ్డి వాకిట్లో నిలబడే అవసరం తప్పింది. చొక్కా వేసుకుంటే, చెప్పులు తొడుక్కుంటే కొట్టేవాడు లేడు. ఇది చిన్న సంగతి కాదు. కానీ ఇంటి వెనకాల పాకీ సందు అట్లనే ఉంది. బంగళా ముందు వాకిలి దొరకు, వెనక వాకిలి మనకు. ఊళ్ళో ఊరికి దూరంగా పెట్టినారు. పట్నంలో పట్నానికి వెనకాల పెట్టినారు. దూరం మారింది, చోటు మారలేదు.

1898లో బెంగుళూరుకు ప్లేగు వచ్చింది. ఇరుకు గుడిసెల వల్లనే రోగం అన్నారు. పాత వాడలు కూల్చి, వెడల్పు వీధులతో ఫ్రేజర్ టౌన్ వంటి కొత్త పేటలు కట్టినారు. అక్కడ స్థలాలు కొన్నది డబ్బున్నవాళ్ళు. ఆ పేటలకు రాళ్ళు మోసినవాడు ఇంకో మురికివాడకు పోయినాడు. పట్నం చరిత్రలో ఇది మొదటిసారీ కాదు, చివరిసారీ కాదు. పేదవాడి గుడిసె రోగమని పేరు పెట్టి కూల్చడం, ఆ నేలకు ధర పెంచడం.

మరి దండు వల్ల నిజంగా పైకి వచ్చినవాళ్ళు లేరా? ఉన్నారు. ఎట్లా వచ్చినారో చూడండి. బాబాసాహెబ్ అంబేద్కర్ పుట్టింది ఊళ్ళో కాదు, దండులో. 1891 ఏప్రిల్ 14న మధ్యభారతంలోని మౌ కంటోన్మెంటులో. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. అంతకన్నా ముఖ్యం, సైనిక పాఠశాలలో హెడ్మాస్టరు. కుంఫిణీ సైన్యంలో సిపాయిలకూ వాళ్ళ పిల్లలకూ చదువు తప్పనిసరి చేసినారు. ఆడపిల్లలకు కూడా. ఊరి బడి గడప తొక్కనివ్వని కులానికి సైన్యం బడి తలుపు తెరిచింది. ఆ తలుపులో నుంచి నడిచిన కుటుంబం నుంచి రాజ్యాంగం రాసిన మనిషి వచ్చినాడు. మౌ ఊరికి ఇప్పుడు డాక్టర్ అంబేద్కర్ నగర్ అని పేరు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. దండులో వేలమంది మహర్లు జీతం తీసుకున్నారు. జీతం ఖర్చయిపోయింది. చదువు మిగిలింది. ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరింది జీతం కాదు, చదువు.

ఆ తలుపు కూడా ఎక్కువ కాలం తెరిచి ఉండలేదు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతి అయినాడు. ఫలానా కులాలే యుద్ధానికి పనికొస్తాయి, దక్షిణాది వాళ్ళు పనికిరారు అనే సిద్ధాంతం పట్టుకున్నాడు. తెలుగువాళ్ళను చేర్చుకోవడం దాదాపు ఆగిపోయింది. 1890ల్లో మహర్లకూ తలుపు మూసినారు. అంతకుముందు కుంఫిణీకి యుద్ధాలు గెలిపించింది ఎవరు? అవసరానికి వీరులు, అవసరం తీరినాక అంటరానివాళ్ళు! మనువు చెప్పిన మాటనే ఇంగ్లీషు దొర ఇంగ్లీషులో చెప్పినాడు. గోపాల్ బాబా వలంగ్కర్ వంటి మాజీ సిపాయిలు అర్జీలు రాసి కొట్లాడినారు. ఆ కొట్లాట సాగీ సాగీ 1941లో గానీ మహర్ రెజిమెంటు ఏర్పడలేదు.

మన తెలుగునేల మీద కూడా ఇట్లాంటి దండు పట్నం ఒకటి ఉంది. సికింద్రాబాదు. 1798లో నిజాముతో కుంఫిణీ ఒడంబడిక చేసుకుంది. హుస్సేన్‌సాగర్ అవతల దండు దిగింది. 1806లో సికందర్ జా పేరు మీద ఆ ఊరికి సికింద్రాబాదు అని పేరు పెట్టినారు. అక్కడా అదే కథ. బంగళాలు, బజార్లు, బట్లర్లు, పాకీ వాళ్ళు. కానీ ఆ వాడల్లో నుంచే బి.ఎస్. వెంకటరావు వచ్చినాడు, 'హైదరాబాదు అంబేద్కర్' అనిపించుకున్నాడు. 1918లో చిలకలగూడలో పుట్టిన ఈశ్వరీబాయి చదువుకుని, టీచరుగా పని చేసి, రిపబ్లికన్ పార్టీ జెండా పట్టి, 1967లోనూ 1972లోనూ ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచింది. 1928లో పుట్టిన సదాలక్ష్మి ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయింది, డిప్యూటీ స్పీకర్ కుర్చీలో కూర్చుంది. వీళ్ళను దండు పెంచలేదు. వాడలో పెట్టుకున్న సంఘం, బడి పెంచినాయి. జీతం, చదువు, సంఘం మూడూ కలిసిన చోట నాయకులు లేచినారు. జీతం ఒక్కటే ఉన్న చోట మళ్ళీ చీపురే మిగిలింది.

జీతం ఒక్కటే ఉంటే ఏమవుతుందో చూడను దూరం పోనక్కర లేదు. మన పక్కనే కోలారు గనులున్నాయి. అక్కడ బంగారం తవ్వుదామని 1871లో ఎడ్లబండి మీద పోయినవాడు లావెల్ అనే ఐరిష్ సోల్జరు. సైన్యం నుంచి దిగి బెంగుళూరు దండులో కాపురం ఉన్నవాడే. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లో శివసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. భూమి కడుపులోకి దిగిన కూలీల్లో ఎక్కువమంది మనవాళ్ళే, తమిళ తెలుగు దళితులు. 2001లో గనులు మూసినారు. మన వైపు బిసానత్తం, చిగురుకుంట గనులూ మూతపడినాయి. బంగారం లండన్ పోయింది, ఢిల్లీ పోయింది. దాన్ని తవ్విన కుటుంబాలు అదే రైలెక్కి బెంగుళూరుకు కూలికి పోతున్నాయి. వంద సంవత్సరాల పైన జీతం తీసుకున్నా, గని మూసిన మరుసటి రోజు చేతిలో ఏమీ లేదు.

ఇప్పుడు ఈనాటి సంగతికి వద్దాం.

బెంగుళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళితులు. మన చిత్తూరు, అనంతపురం వైపు నుంచి తరాల కిందట పోయినవాళ్ళ బిడ్డలు. ఇల్లు తెలుగు, ఊరు కన్నడం, చేతిలో చీపురు. కాంట్రాక్టర్ల కింద ఏళ్ళ తరబడి నలిగినారు. 2022 జూలైలో పని ఆపి రోడ్డు మీద కూర్చున్నారు. 2025 మే 1న 12 వేల మందికి పైగా పర్మనెంటు కాగితాలు అందుకున్నారు. సంఘం కట్టినారు కాబట్టి అందుకున్నారు. ఎవరూ పిలిచి ఇవ్వలేదు. ఇది మన వాడల్లో చెప్పుకోవలసిన గెలుపు. అయితే దాని పక్కనే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఆ తల్లి చేతి చీపురు బిడ్డ చేతికి పోకుండా ఎవరు అడ్డుపడతారు?

రెండో సంగతి చాలామందికి తెలియదు. బిసానత్తం దాటి బండి కర్ణాటకలోకి పోగానే మన రిజర్వేషన్ కిందికి దిగిపోతుంది. మాల, మాదిగ, ఆది ఆంధ్ర పేర్లు రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్నాయి. ఉన్నా లాభం లేదు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చేనాటికి ఎవరి కుటుంబం ఏ రాష్ట్రంలో కాపురం ఉంటే ఆ రాష్ట్రంలోనే ఎస్సీ. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2018లో అయిదుగురు జడ్జీలు మళ్ళీ ఇదే ఖాయం చేసినారు. అంటే 1940లో దండుకు పోయినవాడి మనవడు బెంగుళూరులో ఎస్సీ. 1990లో పోయినవాడి కొడుకు అక్కడి రాష్ట్ర ఉద్యోగానికీ కాలేజీ సీటుకూ ఓసీతో సమానం. అంటరానితనం మాత్రం సరిహద్దు దగ్గర దిగిపోదు. ఇల్లు బాడుగకు అడిగితే కులం అడుగుతారు. హక్కు ఆగిపోయింది, అవమానం టికెట్ లేకుండానే వెంట వచ్చింది.

కాబట్టి ఊళ్ళో కాగితాలు వదులుకోకండి. ఇక్కడి కులధ్రువపత్రం, ఇక్కడి ఓటు, ఇక్కడి రేషన్ కార్డు నిలబెట్టుకోండి. బెంగుళూరులో పుట్టిన బిడ్డకైనా తండ్రి సొంత రాష్ట్రం ఆధారంగానే పత్రం వస్తుంది. ఆ పత్రం మన రాష్ట్రంలోనూ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకూ చెల్లుతుంది. రైల్వే, బ్యాంకు, పోస్టాఫీసు పరీక్షలకు పిల్లలను తయారు చేయండి.

మూడో సంగతి భూమి. ఇది అన్నిటికన్నా పెద్దది. మన వాడల్లో చాలా కుటుంబాలకు ఎకరానో రెండెకరాలో డీకేటీ పట్టా ఉంది. మనిషి బెంగుళూరు పోతాడు, చేను బీడు పడుతుంది. పక్క చేను ఆసామి వస్తాడు. 'నువ్వెట్లాగూ లేవు కదరా, నేను దున్నుకుంటాలే' అంటాడు. చేతిలో పది వేలు పెడతాడు, తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకుంటాడు. పదేళ్ళకు చేను వాడిది అవుతుంది. 1977లో వచ్చిన అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం ఇట్లాంటి అమ్మకం చెల్లదంటుంది. భూమిని తిరిగి పేదవాడికి ఇప్పించమంటుంది. 2023లో ఆ చట్టం మార్చి, 20 ఏళ్ళు దాటిన పట్టాదారుకు అమ్ముకునే హక్కు ఇచ్చినారు. 2024లో ప్రభుత్వం మారినాక, అక్రమాలు జరిగినాయని ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపినారు. అమ్ముకునే హక్కు అంటే వినను బాగుంటుంది. పేదవాడికి అమ్మే హక్కు వస్తే, పెద్దవాడికి కొనే హక్కు వచ్చినట్టే.

దండు పట్నం చరిత్ర మనకు నేర్పేది ఇదే. రెండు వందల ఏళ్ళుగా మనం పట్నాలు కడుతున్నాం. కట్టిన పట్నంలో మనకు పట్టా లేదు. పట్నం మోజులో పడి, ఊళ్ళో ఉన్న పట్టా కూడా పోగొట్టుకుంటే మన పిల్లలు రెండు చోట్లా పరాయివాళ్ళే అవుతారు.

పోవద్దని మేం చెప్పడం లేదు. ఊరు స్వర్గమని చెప్పేవాడు ఊరి బావి దగ్గర ఎప్పుడూ దూరంగా నిలబడి ఎరగడు. పొండి. కానీ తల వంచుకుని ఒంటరిగా పోకండి. ప్రతి వాడలోనూ సంఘం ఈ పక్షంలో మూడు పనులు మొదలుపెట్టాలి. ఒకటి, బెంగుళూరుకు పోయేవాళ్ళ పేర్లు, పని చేసే చోటు, మేస్త్రీ పేరు, ఫోను నంబరు ఒక పుస్తకంలో రాయండి. సారువ మీద నుంచి మనిషి పడిపోతే ఎవరిని అడగాలో తెలియాలి. కట్టడం పనివాళ్ళ సంక్షేమ బోర్డులో పేర్లు నమోదు చేయించండి. రెండు, వాడలోని డీకేటీ పట్టాలన్నీ ఒకచోట పెట్టి, ఎవరి చేను ఎవరు దున్నుతున్నారో చూడండి. చేయి మారిన భూమికి తహసీల్దారుకు అర్జీ పెట్టండి. ఒక్కరు పెడితే చెత్తబుట్టలో పడుతుంది, నలభై మంది పోతే తహసీల్దారు కుర్చీలోంచి లేచి చదువుతాడు. మూడు, పదో తరగతి తప్పిన పిల్లలను మేస్త్రీ కన్నా ముందు మనం పట్టుకోవాలి. సప్లిమెంటరీ పరీక్ష ఫీజు సంఘం కట్టాలి. సాయంత్రం వాడలో దీపం కింద పాఠం చెప్పను చదువుకున్నవాళ్ళు కూర్చోవాలి. బడిపంతుళ్ళు ముందు కూర్చోవాలి, ఈ మాటలు రాసే పంతులుతో సహా.

పొద్దున బండిలో మన పిల్లలు పోతూనే ఉంటారు. వాళ్ళు ఇటుకలు మోయను పోతున్నారా, కాలేజీకి పోతున్నారా అన్నది మేస్త్రీ కాదు, మన వాడలు తేల్చాలి.